స్లాటర్ ఆఫ్ ది సోల్ అంత గొప్ప ఆల్బమా? నాకెందుకు ఎక్కట్లేదు?

హైవే_రిఫ్
వారం నుంచి రోజూ వింటున్నాను. స్వీడన్ బ్యాండ్ ఎట్ ది గేట్స్ 1995 ఆల్బమ్, స్లాటర్ ఆఫ్ ది సోల్. మెలోడిక్ డెత్ మెటల్ (అరుపుల డెత్ మెటల్‌కి రాగయుక్తమైన గిటార్లు కలిపిన శైలి) అనగానే అందరూ ముందు దీని పేరే చెబుతారు. ఇక్కడ కూడా నాలుగు పాత చర్చల్లో ఇదే మొదటి స్థానంలో ఉంది. నాకు మాత్రం 34 నిమిషాలు అయిపోయాక ఏ పాట ఏదో గుర్తుండట్లేదు. అన్నీ ఒకే వేగం, ఒకే అరుపు. అదే ఏడాది వచ్చిన డార్క్ ట్రాంక్విలిటీ 'ది గ్యాలరీ' వింటే ఒక్కో పాటలో ఎన్ని మలుపులో! దీంట్లో నాకు అది దొరకట్లేదు. తిట్టాలనిపిస్తే తిట్టండి, పర్వాలేదు. కానీ ఇందులో ఏముందో ఎవరైనా అర్థమయ్యేలా చెప్పండి.

పాతక్యాసెట్
ఎందులో వింటున్నావు తమ్ముడూ? మెటల్‌లోకి ఏ బ్యాండ్ నుంచి వచ్చావు?

హైవే_రిఫ్
ఆఫీసు బస్సులో, బ్లూటూత్ ఇయర్‌బడ్స్‌తో. కాలేజీలో కిల్‌స్విచ్ ఎంగేజ్, ట్రివియం, ఆజ్ ఐ లే డైయింగ్‌తో మొదలుపెట్టా. ఇప్పుడు వెనక్కి వెళ్తున్నా.

బెజవాడ_బ్లాస్ట్
అదిగో, దొంగ దొరికాడు.

పాతక్యాసెట్
బ్లాస్ట్ చెప్పింది నిజం. తమ్ముడూ, నువ్వు మనవళ్లందరినీ చూసేసి, చివర్లో తాతగారి ఇంటికి వెళ్లావు. అక్కడ గోడ మీద ఫొటో చూసి "ఈ ముక్కు మా వాడిదే కదా, ఇందులో కొత్తేముంది" అంటున్నావు. ముక్కు వచ్చింది ఆయన దగ్గర్నుంచే. 2000 తర్వాత అమెరికాలో వచ్చిన మెటల్‌కోర్ (మెటల్, హార్డ్‌కోర్ పంక్ కలిపిన శైలి) బ్యాండ్లు, అంటే నువ్వు మొదలుపెట్టిన లాంటివి, సగం ఈ 34 నిమిషాల మీదే బతికాయి. డార్కెస్ట్ అవర్ వాళ్లయితే ఏకంగా అట్లాంటిక్ దాటి, ఇది రికార్డ్ చేసిన స్టూడియో ఫ్రెడ్‌మన్‌కే వెళ్లి 2003 ఆల్బమ్ చేసుకున్నారు. అందులో ఎట్ ది గేట్స్ గాయకుడు టోమాస్ లిండ్‌బర్గ్ చేత పాడించుకున్నారు కూడా.

నేను దీన్ని మొదటిసారి విన్నది 2003లో, హాస్టల్లో. డీసీ ప్లస్ ప్లస్ అనే ఫైళ్లు పంచుకునే సాఫ్ట్‌వేర్‌లో సీనియర్ ఒకాయన షేర్ చేసిన ఫోల్డర్. ఫైళ్లకు పేర్లు లేవు, ట్రాక్ 01, ట్రాక్ 02 అని ఉండేవి. పాటల పేర్లు తెలియకుండానే ఏడాది విన్నాను. అప్పటికి నా చెవిలో మెటాలికా, మెయిడెన్, కొంచెం స్లేయర్ తప్ప ఏమీ లేవు. టైటిల్ పాట మొదట్లో "గో!" అని ఒక అరుపు ఉంటుంది చూడు, అది విని మా రూమ్మేట్ మంచం మీద నుంచి లేచి కూర్చున్నాడు. ఇలాంటిది అంతకు ముందు మేం వినలేదు. నీకు ఆ అవకాశం పోయింది, అందులో నీ తప్పేమీ లేదు.

ఎర్రాకాశం
పాతక్యాసెట్ గారూ, చరిత్ర గొప్పదైతే పాట గొప్పదైపోతుందా? హైవే అడిగింది పాట గురించి. నా మాట సూటిగా చెబుతాను. ఎట్ ది గేట్స్ అసలు గొప్పతనం 1992లో వచ్చిన మొదటి ఆల్బమ్ 'ది రెడ్ ఇన్ ది స్కై ఈజ్ అవర్స్'లో ఉంది. ఆల్ఫ్ స్వెన్సన్ అనే గిటారిస్టు ఉన్నప్పటి సంగతి అది. పాట ఎటు పోతుందో ఊహకందదు. మధ్యలో వయొలిన్ వస్తుంది, అదీ తీయగా కాదు, గాలికి తలుపు కొట్టుకున్నట్టు. రెండో ఆల్బమ్ తర్వాత ఆయన వెళ్లిపోయాడు. అక్కడి నుంచి వీళ్లు పాటను సాపు చేసుకుంటూ వచ్చారు. స్లాటర్ వచ్చేసరికి గరుకంతా పోయింది. హైవేకి విసుగొచ్చిందంటే నాకు ఆశ్చర్యం లేదు.

బెజవాడ_బ్లాస్ట్
పేరే ఎర్రాకాశం. ఇక తీర్పు ముందే తెలిసిపోయింది కదండీ :)

ఎర్రాకాశం
పేరు దాచుకోలేదుగా!

ఓరుగల్లు_గిటార్
సాపు చేశారు అన్న మాట దగ్గర నేను ఒప్పుకోను. గిటార్ పట్టుకున్నవాడిగా చెబుతున్నా.

హైవే బ్రో, ఒక పని చెయ్. బ్లైండెడ్ బై ఫియర్ పెట్టు. మొదట్లో యంత్రాల రొద, ఒక గొంతు వస్తాయి, వాటిని వదిలెయ్. గిటార్లు మొదలైనప్పుడు కుడి చెవిలో ఏముందో, ఎడమ చెవిలో ఏముందో విడివిడిగా విను. అండర్స్ బ్యోర్లెర్, మార్టిన్ లార్సన్, ఇద్దరు గిటారిస్టులు. రిఫ్‌లో, అంటే పాటలో మళ్లీ మళ్లీ వచ్చే గిటార్ ముక్కలో, ఒక్క తీగ మీద స్వరాలు పరుగెడుతుంటాయి, ప్రతి స్వరాన్ని పిక్‌తో గబగబా కొడుతూనే ఉంటారు. దీన్నే ట్రెమొలో పికింగ్ అంటారు. ఆ స్వరాల వరుసను విడిగా నెమ్మదిగా వాయిస్తే జోలపాటలా ఉంటుంది. నిజంగా అంటున్నా. నేను అకౌస్టిక్ మీద సగం వేగంతో వాయిస్తుంటే మా అక్క కూతురు పక్కనే నిద్రపోయింది.

అసలు పని ఎక్కడుందంటే, ఒక రిఫ్ నుంచి ఇంకో రిఫ్‌కి దూకే చోట. అక్కడ ఒక్క కొట్టు కూడా వృథా ఉండదు. నేర్చుకోవడానికి రెండు వారాలు పట్టింది నాకు. చేతికి స్వరాలు రెండో రోజే వచ్చాయి, మిగతా పన్నెండు రోజులు కుడి మణికట్టుతో యుద్ధం. మెట్రోనోమ్ పెట్టుకుని, ఐదు ఐదు పెంచుకుంటూ. వేగం అందాక కూడా పాటలా వినిపించలేదు. వాళ్లు పామ్ మ్యూట్ (అరచేతి అంచుతో తీగను అదిమి పట్టడం) ఎక్కడ వదులుతున్నారో పట్టుకున్నాకే వినిపించింది. అరచేతి అంచు తీగ మీద నుంచి ఒక వెంట్రుకవాసి లేస్తుంది, అంతే, పాట నోరు తెరిచినట్టు ఉంటుంది.

'రెడ్ ఇన్ ది స్కై' పాటల్లో పది ఆలోచనలు ఉంటాయి, నిజమే. ఇందులో మూడే ఉంటాయి. ఆ మూడింటిని ఎంచుకోవడానికి ఎన్ని పారేసి ఉంటారో ఆలోచించండి.

ఎర్రాకాశం
పారేసినవే నాకు కావాలంటున్నాను అన్నా. కానీ పామ్ మ్యూట్ సంగతి బాగా చెప్పారు. అది నేను గమనించలేదు.

వయొలిన్_వల్లి
ఒక్క మాట. ఈ రిఫ్‌లు చాలావరకు నేచురల్ మైనర్ స్కేల్‌లో ఉంటాయి, అంటే మన నఠభైరవి స్వరాలు. అక్కడక్కడ హార్మోనిక్ మైనర్ తగిలితే అది కీరవాణి. నేను పదేళ్లు కర్ణాటక సంగీతం నేర్చుకున్నాను, మెటల్‌లోకి వచ్చింది ఆ దారినే. గోథెన్‌బర్గ్ బ్యాండ్లు (ఎట్ ది గేట్స్‌ది ఆ ఊరే) వింటుంటే తెలిసిన వీధిలో కొత్త ఇల్లు చూసినట్టు ఉండేది.

పాతక్యాసెట్
అమ్మా వల్లీ, స్వరాలు ఒకటే అయినంత మాత్రాన రాగం అవుతుందా? గమకం లేకుండా నఠభైరవి ఎక్కడిది?

వయొలిన్_వల్లి
అందుకే "స్వరాలు" అన్నాను అన్నయ్యా, రాగం అనలేదు. గమకం లేదు, నిజమే. దాని స్థానంలో వీళ్లకు ఇంకోటి ఉంది. ఒక గిటార్ ఒక స్వరం పలుకుతుంటే, రెండోది రెండు మెట్లు పైన అదే నడక నడుస్తుంది. మన కచేరీలో వయొలిన్ గాత్రం వెనకాలే వస్తుంది. ఇక్కడ ఇద్దరూ పక్కపక్కన, భుజం భుజం రాసుకుంటూ పరుగెడతారు. ఆ రెండింటి మధ్య దూరం వల్లే దిగులు పుడుతుంది. ఒక్క గిటార్ మాత్రమే విడదీసి వినండి, కోపం ఒక్కటే మిగులుతుంది.

ఓరుగల్లు_గిటార్
ఈ పోస్ట్ దాచుకుంటున్నా.

డప్పు_డబుల్‌బాస్
డ్రమ్స్ గురించి ఎవరూ ఎత్తట్లేదేంటి? ఏడ్రియన్ ఎర్లాండ్సన్! ఆయన తమ్ముడు డేనియల్ ఆర్చ్ ఎనిమీలో వాయిస్తాడు. ఏం ఇల్లో అది, ఆ తల్లి చెవులు ఎలా తట్టుకున్నాయో. హైవే బ్రో అన్నీ ఒకే వేగం అన్నాడు, కాదు. అండర్ ఎ సర్పెంట్ సన్ ఎంత నెమ్మదిగా మొదలవుతుందో విను. ఇంకో సంగతి, ఇందులో అదేపనిగా బ్లాస్ట్ బీట్, అంటే మెషిన్‌గన్‌లా ఆగని దెబ్బ, కొట్టడు. ఎక్కువ భాగం త్రాష్, పంక్ దెబ్బే, తుప్పా తుప్పా తుప్పా అని. అందుకే తల దానంతటదే ఊగుతుంది. స్వీడన్ వాళ్ల రక్తంలో హార్డ్‌కోర్ పంక్ ఉంది. లిండ్‌బర్గ్ కూడా పంక్ బ్యాండ్లలో పాడినవాడే.

హైవే_రిఫ్
మీరందరూ ఇంత రాస్తారనుకోలేదు. ఇవాళ రాత్రి వైర్ హెడ్‌ఫోన్స్‌తో మళ్లీ వింటా. వల్లి గారు చెప్పింది ముఖ్యంగా చూడాలి.

మంచులో_మనోడు
ఆలస్యంగా చూశాను. ప్రస్తుతం గోథెన్‌బర్గ్‌లోనే ఉంటున్నాను, మాస్టర్స్ చదవడానికి వచ్చి ఉద్యోగంలో స్థిరపడ్డాను. ఇక్కడి వాళ్లు ఊరి పేరును 'యోతెబొరి' అన్నట్టు పలుకుతారు. మొదటి నెల నాకు బస్సులో అనౌన్స్‌మెంట్ అర్థమయ్యేది కాదు.

ఇక్కడికొచ్చాక నాకు అర్థమైంది ఒకటుంది. ఒకే ఊళ్లో, ఒకే రెండు మూడేళ్లలో ఎట్ ది గేట్స్, డార్క్ ట్రాంక్విలిటీ, ఇన్ ఫ్లేమ్స్ ఎలా పుట్టుకొచ్చాయి అని అందరూ అడుగుతారు. పేపర్లలో చలి, చీకటి అని రాస్తారు. చీకటి నిజమే, డిసెంబర్‌లో మూడున్నరకల్లా పొద్దు కుంగిపోతుంది. మంచు కన్నా వానే ఎక్కువ, అదీ పక్క నుంచి కొడుతుంది. కానీ చీకటి ఒక్కటే బ్యాండ్‌ను తయారు చేయదు కదా. ఇక్కడ మున్సిపాలిటీ సంగీత పాఠశాలలు ఉన్నాయి, పిల్లలు చాలా తక్కువ ఫీజుతో వాయిద్యం నేర్చుకుంటారు. ఇంకా స్టడీ అసోసియేషన్లని ఉంటాయి. నలుగురు కుర్రాళ్లు కలిసి మేం బ్యాండ్ పెట్టుకున్నాం అని పేరు రాయించుకుంటే సాధన చేసుకోవడానికి గది దొరికేలా చూస్తాయి. దానికి ప్రభుత్వం సాయం చేస్తుంది. పదిహేనేళ్ల పిల్లలకు తాళం ఉన్న గది, అందులో డ్రమ్ సెట్టు! మన దగ్గర ఇంట్లో గిటార్ ఆంప్ ఆన్ చేస్తే పక్కింటి ఆంటీ గోడ తడుతుంది.

పైగా వీళ్లంతా ఒకరికొకరు తెలిసినవాళ్లే. డార్క్ ట్రాంక్విలిటీ మొదటి ఆల్బమ్‌లో పాడింది అండర్స్ ఫ్రిడేన్. ఇన్ ఫ్లేమ్స్ మొదటి ఆల్బమ్‌లో పాడింది మైకేల్ స్టాన్నె. తర్వాత చూస్తే స్టాన్నె డార్క్ ట్రాంక్విలిటీ గాయకుడు, ఫ్రిడేన్ ఇన్ ఫ్లేమ్స్ గాయకుడు. వియ్యంకులు పిల్లల్ని మార్చుకున్నట్టు! మూడు బ్యాండ్లూ పని చేయించుకున్నది నిర్మాత ఫ్రెడ్రిక్ నూర్డ్‌స్ట్రోమ్ దగ్గరే, స్టూడియో ఫ్రెడ్‌మన్‌లో. ది గ్యాలరీ, స్లాటర్, ఆ తర్వాతి ఏడాది ఇన్ ఫ్లేమ్స్ 'ది జెస్టర్ రేస్', మూడూ ఆయన చేతి మీదుగా వచ్చినవే.

డప్పు_డబుల్‌బాస్
వియ్యంకుల పోలిక అదిరింది.

బెజవాడ_బ్లాస్ట్
మా పక్కింటి ఆంటీ గోడ తట్టదు, నేరుగా మా అమ్మకు ఫోన్ చేస్తుంది. మా అమ్మేమో "వాడికి గొంతు బాగోలేదు, కషాయం ఇస్తున్నా" అని చెప్పిందట.

ఎర్రాకాశం
మంచులో మనోడు గారికి ఒక ప్రశ్న. స్టాక్‌హోమ్ వాళ్ల శబ్దం ఇంకో రకం కదా? ఎంటూంబ్డ్ వగైరా బ్యాండ్లు. నా అభిప్రాయంలో అదే అసలైన స్వీడిష్ శబ్దం.

ఓరుగల్లు_గిటార్
దీనికి నేను చెబుతా. స్టాక్‌హోమ్ అంటే సన్‌లైట్ స్టూడియో, టోమాస్ స్కోగ్స్‌బెరి. అక్కడ రహస్యం బాస్ కంపెనీ హెచ్ఎం-2 పెడల్, గిటార్ శబ్దాన్ని మార్చే చిన్న పెట్టె. దానికి నాలుగు నాబ్‌లు ఉంటాయి, నాలుగూ చివరికంటా తిప్పేయడమే! రంపపు మిల్లు పక్కన నిలబడ్డట్టు ఉంటుంది. ఎంటూంబ్డ్ 1990 ఆల్బమ్‌లో వినిపించేది అదే. ఆ పెడల్ తయారీ 1991లో ఆపేశారు, జనం అడగ్గా అడగ్గా 2021లో మళ్లీ కొత్త రూపంలో తెచ్చారు. నా స్నేహితుడి దగ్గర ఒకటుంటే ఆదివారమంతా దానితోనే గడిపాం. ఆ శబ్దంలో పవర్ కార్డ్ కొడితే కొండ విరిగినట్టుంటుంది. కానీ రెండు గిటార్లు పక్కపక్కన వేర్వేరు స్వరాలు వాయిస్తే రెండూ ముద్దగా కలిసిపోతాయి. వల్లి గారు చెప్పిన ఆ "మధ్య దూరం" వినపడాలంటే అంచులు తేటగా ఉండాలి. స్లాటర్‌లో గిటార్లు అంత కోపంగా ఉన్నా ప్రతి స్వరం తెలుస్తుంది. ఎర్రాకాశం గారు గరుకు పోయింది అంటున్నది దీన్నే అనుకుంటా.

ఎర్రాకాశం
అవును, దాన్నే. మీ వివరణ బాగుంది, నా ఇష్టం మాత్రం మారలేదు.

నైట్‌డ్యూటీ
నాకు స్కేళ్లు, పెడల్స్ తెలియవు. నర్సుగా పనిచేస్తాను. ఉదయం డ్యూటీ దిగాక బస్సు ఎక్కి ఇంటికి చేరడానికి ముప్పై నిమిషాలు, సందు నడవడానికి ఇంకో నాలుగు. ఈ ఆల్బమ్ సరిగ్గా అంతే. రాత్రంతా గొంతు తగ్గించి, నవ్వు ముఖంతో మాట్లాడి వస్తాం. ఎవరి మీదా అరవకూడదు, అరిచే హక్కు కూడా లేదు. బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఇది పెట్టుకుంటే నా బదులు ఇంకొకాయన అరుస్తున్నాడు. ఐదో ట్రాక్ ఇంటూ ది డెడ్ స్కై వస్తుంది చూడండి, ఎవరూ పాడరు, అకౌస్టిక్ గిటార్ మెల్లగా. సాధారణంగా అప్పటికి మా బస్సు వంతెన మీద ఉంటుంది. చివరి ట్రాక్‌లో కూడా గొంతు లేదు. అది అయ్యేసరికి తాళం తీస్తుంటాను.

హైవే గారు పాటలు విడివిడిగా గుర్తుండట్లేదు అన్నారు. నాకూ పేర్లు అంతగా గుర్తుండవు. నేను దీన్ని ఒకే పాటలా వింటాను.

వయొలిన్_వల్లి
అక్కా, ఎంత బాగా రాశారు.

పాతక్యాసెట్
ఈ చర్చలో నాకు బాగా నచ్చిన పోస్ట్ ఇదేనమ్మా.

డప్పు_డబుల్‌బాస్
లిండ్‌బర్గ్ గొంతు గురించి. చాలామంది డెత్ మెటల్ గాయకులు లోపలి నుంచి, బావిలోంచి మాట్లాడినట్టు పాడతారు. ఈయన పైస్థాయిలో, గొంతు చీరుకుపోయేలా అరుస్తాడు. అందులో భయం కూడా వినపడుతుంది, దాడి చేస్తున్నవాడు కూడా తనే, తప్పించుకుంటున్నవాడు కూడా తనే అన్నట్టు.

మంచులో_మనోడు
ఆయన బడిలో పాఠాలు చెప్పే మాస్టారు కూడా. వేదిక మీద ఆ అరుపు, తరగతిలో పిల్లలకు పాఠం. ఇంకో సంగతి, నార్వే వాళ్ల డార్క్‌త్రోన్ లోగో, ఆ చెట్టు కొమ్మల్లాంటి అక్షరాలు, అదీ ఆయన చేతి గీతే.

2025 సెప్టెంబర్‌లో క్యాన్సర్‌తో పోయారు. 52 ఏళ్లే. ఆ వార్త వచ్చిన రోజు సాయంత్రం నేను ట్రామ్‌లో ఉన్నాను. ఎదురుగా ఒక యాభై ఏళ్లాయన, ఆఫీసు కోటు, టై. చొక్కా గుండీ తీసి లోపల చూపించాడు, పాత ఎట్ ది గేట్స్ టీషర్టు, అక్షరాలు సగం చెరిగిపోయాయి. నాకేం చూపించలేదు నిజానికి, పక్కనున్న స్నేహితుడికి చూపించాడు. ఇద్దరూ ఏమీ మాట్లాడుకోలేదు. నేను దిగాల్సిన స్టాప్ దాటిపోయింది.

పాతక్యాసెట్
నేను ఆ రోజు రాత్రి హాస్టల్ రూమ్మేట్‌కి ఫోన్ చేశాను. ఆరేళ్ల తర్వాత. "గో!" అన్నాను, వాడికి అర్థమైంది.

ఎర్రాకాశం
నేనూ ఆ రోజు మొదటి ఆల్బమ్ కాదు, స్లాటరే పెట్టుకున్నాను. దాని గురించి ఇంతకన్నా రాయలేను.

కొత్త_శ్రోత
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోవద్దు. ఇంత మంచి ఆల్బమ్ చేశాక తర్వాతది ఏది? వెతికితే 2014ది కనిపిస్తోంది.

పాతక్యాసెట్
అవును, సరిగ్గానే చూశావు. స్లాటర్ వచ్చిన మరుసటి ఏడాదే, 1996లో, విడిపోయారు. పేరు రావడం మొదలైందో లేదో బ్యాండ్ లేదు. బ్యోర్లెర్ కవలలు (గిటార్ అండర్స్, బాస్ వాయించే జోనాస్), డ్రమ్మర్ ఏడ్రియన్ కలిసి 'ది హాంటెడ్' పెట్టుకున్నారు. 2008లో కచేరీల కోసం మళ్లీ కలిశారు, 2014లో 'ఎట్ వార్ విత్ రియాలిటీ'. మధ్యలో 19 ఏళ్లు! ఆ ఖాళీలోనే మిగతా లోకమంతా వీళ్ల రిఫ్‌లు నేర్చుకుంది. హైవే విన్న బ్యాండ్లన్నీ ఆ ఖాళీలో పెరిగినవే.

హైవే_రిఫ్
విన్నాను. రాత్రి పదకొండుకి, దీపం ఆర్పి, వైర్ హెడ్‌ఫోన్స్‌తో, మొదటి నుంచి చివరి దాకా ఆపకుండా.

కోల్డ్ పాట దగ్గర ఆగిపోయాను. అందులో ఒక సోలో వస్తుంది, మిగతా ఆల్బమ్‌లో ఎక్కడా లేనట్టుగా. అప్పటిదాకా ఇరుకు గదిలో ఉన్నట్టుంది, ఒక్కసారి ఎవరో కిటికీ తీశారు. నాలుగుసార్లు వెనక్కి తిప్పి విన్నా. ఎవరు వాయించారు అది? వల్లి గారు చెప్పిన రెండు గిటార్ల దూరం అండర్ ఎ సర్పెంట్ సన్‌లో స్పష్టంగా వినపడింది, ఇన్నాళ్లూ ఇయర్‌బడ్స్‌లో రెండూ ఒకటే అనుకున్నా.

అయినా ఒకటి చెబుతాను. నాజియా, నీడ్ పాటలు ఇంకా నాకు ఒకేలా ఉన్నాయి. మొదటి సగం నాకు దొరికింది, రెండో సగం ఇంకా దొరకలేదు. అబద్ధం చెప్పలేను.

ఓరుగల్లు_గిటార్
ఆ సోలో బ్యాండ్‌వాళ్లది కాదు బ్రో, అతిథి. ఆండీ లారాక్, కింగ్ డైమండ్ గిటారిస్టు. ఆయనదీ గోథెన్‌బర్గే. ఇలాంటి అతిథి పని ఇంకోటి కావాలంటే డెత్ బ్యాండ్ 1993 ఆల్బమ్ 'ఇండివిడ్యువల్ థాట్ పాటర్న్స్' విను, అందులో ఉన్నది ఆయనే.

డప్పు_డబుల్‌బాస్
నాజియా, నీడ్ ఒకేలా ఉన్నాయా?! ఇప్పుడు నేను కూడా రాత్రి పదకొండుకి దీపం ఆర్పి కూర్చోవాలి అయితే.

ఎర్రాకాశం
హైవే గారూ, రెండో సగం వదిలేసి ఒకసారి 'రెడ్ ఇన్ ది స్కై' పెట్టి చూడండి. ఒక్కసారే అడుగుతున్నా.

బెజవాడ_బ్లాస్ట్
వచ్చేశారండీ.

నైట్‌డ్యూటీ
రెండో సగం వంతెన దాటాక దొరుకుతుంది హైవే గారూ. కొన్నాళ్లు పడుతుంది, నాకూ పట్టింది.

హైవే_రిఫ్
సరే అక్కా. రేపు బస్సులో ఆరో ట్రాక్ నుంచి మొదలుపెడతా. ఎర్రాకాశం గారూ, మీది ఆదివారానికి పెట్టుకున్నాను.

ఎర్రాకాశం
వయొలిన్ వచ్చే చోట శబ్దం పెంచండి.